నేను వద్దనలేదు

ఒక మాట ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. చిన్న మాట. చిన్నదే గనక దాచడం కష్టం కాలేదు, మోయడమే కష్టమైంది. నా భార్యకు చెప్పలేదు. జైల్లో పక్కనే పడుకున్న మిత్రులకు చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నానేమో గాని, అప్పుడు కూడా నాకు అనుకూలంగా కాస్త తిప్పి చెప్పి ఉంటాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

పేరు రాయను. పలనాడు వాణ్ణి. ఒకప్పుడు మద్రాసు అసెంబ్లీలో మెంబరుగా ఉన్నాను. ఇప్పుడు మా వైపు నన్ను త్యాగి అంటారు. స్వరాజ్యం వచ్చిన రోజున బడి ముందు జెండా నా చేతనే ఎగరేయించారు. తాడు సగం లాగి ఆగిపోయాను. పెద్దవాడైపోయాడు పాపం అని పంతులుగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. నాకప్పటికి యాభై కూడా నిండలేదు. ఆ గుంపులో, ఆడవాళ్ళ వరుసలో, సారమ్మ నిలబడి నాకు దణ్ణం పెడుతూ ఉంది. ఆగిపోయింది అందుకు.

సారమ్మ ఈ ఎండాకాలం పోయింది. ఆమె బతికుండగా ఇది రాసే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు వచ్చిందా? వచ్చిందని అనలేను. ఇక నిలదీసి అడిగే మనిషి లేదు, అంతే. అడిగేవాళ్ళు లేనప్పుడు నోరు విప్పడం కూడా పిరికితనమేనని నాకు తెలుసు. అయినా విప్పకుండా ఉండలేను.

మొదటినుంచీ చెబుతాను. ఎక్కడో తెల్లవాళ్ళ సీమలో యుద్ధం వచ్చింది. ఇంగ్లండు దిగిందంటే మన దేశమూ దిగినట్టేనని ఢిల్లీలో వైస్రాయి ప్రకటించేశాడు. మనల్ని అడగలేదు. ఓట్లేసి పంపిన మమ్మల్ని కూడా అడగలేదు. మద్రాసులో మంత్రులు రాజీనామా చేశారు, సభ మూతపడింది, మేమంతా ఇళ్ళకొచ్చి పత్తి ధర గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం. మేం కూర్చున్నాం గాని యుద్ధం కూర్చోలేదు. సైన్యంలో మనుషుల్ని చేర్చుకునే లారీలు మా ఊళ్ళకు కూడా వచ్చాయి. అప్పటి పలనాడు మీరు చూసి ఉండరు. వాన పడితే జొన్న, పడకపోతే నాపరాయి. ఆ ఏడు పడలేదు. సైన్యంలో మూడు పూటలా తిండి పెడతారు, బూట్లిస్తారు, ఇంటికి జీతం పంపుతారంటే ఎవరు పోరు? ఊరి బయట పల్లెల్లో ఉన్న మాలమాదిగ కుర్రాళ్ళు, ఊళ్ళో దూదేకుల కుర్రాళ్ళు లారీ ఎక్కారు. మా ఇళ్ళ నుంచి ఒక్కరూ ఎక్కలేదు. మాకు జొన్నలు పాతరలో ఉన్నాయి.

మరుసటి ఏడు నరసరావుపేటలో పెద్ద ప్లీడరుగారు మమ్మల్నందరినీ పిలిపించారు. ఆయన కూడా మెంబరే, మా అందరిలోకీ పెద్ద. జిల్లా మెంబర్లం ఆయన మేడ మీద కూడాం. పై జిల్లాల వాళ్ళతో కూడా ఆయన అప్పటికే మాట్లాడి ఉన్నారు. దేశమంతటా ఇట్లాగే జరుగుతోందన్నారు. ఈ యుద్ధంలో మన పాత్ర మానిపించాలి, పోయినవాళ్ళని సర్కారే వెనక్కి రప్పించేలా చేయాలి, దానికి మెంబర్లే ముందు నడవాలి. "సభ మూసేస్తే ఏమయిందోయ్, ఓటేసినవాడి అరుగే మన సభ" అన్నారు. తాలూకాలు పంచారు. ఫలానా ఊళ్ళో ఫలానా రోజు మాట్లాడతానని ముందే కలెక్టరుకు తెలియజేయాలి. దొంగతనంగా చేసే పని కాదు. ఊళ్ళోకి పోయి ఒక్క వాక్యం చెప్పాలి: ఈ యుద్ధానికి మనిషినివ్వడం తప్పు, పైసా ఇవ్వడం తప్పు. పట్టుకుంటే జైలుకు పోవాలి. పట్టుకోకపోతే ఊరూరా అదే చెప్పుకుంటూ ఢిల్లీ వైపు నడుస్తూ పోవాలి.

ఇంకో మాట కూడా అన్నారు. "పలనాట్లో మాట నిలవాలంటే చాప పరవాలి." చాపకూడు సంగతి మా వాళ్ళకు చెప్పనక్కర్లేదు, బయటివారి కోసం చెబుతున్నాను. అన్ని కులాల వాళ్ళూ ఒకే చాప మీద పక్కపక్కనే కూర్చుని ఒకే కూడు తినడం. వీరుల కాలం నుంచి వస్తున్న ఆచారం. కారెంపూడిలో ఏటా పండగనాడు తింటాం, మర్నాడు ఎవరి గుమ్మం వాళ్ళది. ఈసారి ఊరూరా పరవండి, తిన్నాక ఆ చాప మీద నిలబడే చెప్పండి, అప్పుడది మెంబరుగారి ఉపన్యాసం కాదు, మీకూ వాళ్ళకూ మధ్య ఒప్పందమవుతుంది అన్నారాయన. అందరం బాగుందన్నాం. ఏ పల్లెవాడి పక్కన కూర్చోవాల్సి వస్తుందోనని నేను లోలోపల కాస్త జంకాను. అది కూడా ఈ లెక్కలో పడాల్సిందే కాబట్టి రాస్తున్నాను.

మెట్లు దిగబోతుంటే ఆయన వెనక్కి పిలిచారు. "ఒక జాగ్రత్త. ఇప్పటికే సైన్యంలో ఉన్నవాడి జోలికి మాత్రం పోకండి. వాణ్ణి పోవద్దన్నారా, అది వేరే కేసు. ఆ జైల్లో మీకు మంచమూ పత్రికా ఇవ్వరు." అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

నన్ను పట్టుకోలేదు. సంచీ సర్దుకున్నాను, కొత్త ఖద్దరు కట్టుకున్నాను, మా ఆవిడ హారతిచ్చింది, ఊరంతా సాగనంపింది. చాప మీద నిలబడి ఆ వాక్యం చెప్పాను. ఎదురుగా ఒక కానిస్టేబులు కూర్చుని శ్రద్ధగా రాసుకున్నాడు. రాసుకుని, "మంచిదండయ్యా, తర్వాత ఊరెప్పుడు?" అన్నాడు. తాళి కట్టడానికి తయారై పీటల మీద కూర్చుంటే పెళ్ళికూతురివాళ్ళు పత్తా లేనట్టయింది నా పని. మిగతా మెంబర్లు ఒక్కొక్కరే జైలుకు పోతున్నారని కబుర్లు వస్తున్నాయి. నేను మాత్రం నడుస్తున్నాను. నా వెనకాలే కానిస్టేబులు. పాపం అతనివీ బూట్లే, అతనివీ కాళ్ళే. గురజాల దాటాం. నాపరాళ్ళ దారి. కాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బల కన్నా, నన్నెందుకు పట్టుకోవడం లేదన్న సిగ్గే ఎక్కువ బాధపెట్టింది. అప్పట్లో నాకున్న దుఃఖం అది. చూడండి ఎంతటి దుఃఖమో!

గురజాల అవతల, మాచర్ల దారిలో ఒక ఊరు. ఆ ఊళ్ళోనే జరిగింది.

చాప పరిచారు. జొన్నన్నం, గోంగూర పచ్చడి, చారు. నా పక్కన ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, నున్నగా దువ్విన తల. ఊరివాళ్ళు గుసగుసలాడారు. పల్లెలో సారమ్మ కొడుకు, ఏసోబు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, ఒక్కడే కొడుకు. క్వారీలో రాయి కొట్టేవాడు. ఏడాది కిందట లారీ ఎక్కాడు. రోడ్లూ వంతెనలూ వేసే దళంలో పెట్టారు. ఓడ ఎక్కించేముందు సెలవిస్తారట, ఆ సెలవు మీద వచ్చాడు. మర్నాడు బండికి తిరిగి పోవాలి.

వాడు తలెత్తకుండా తిన్నాడు. గోంగూర తెచ్చి వడ్డించిన మనిషే సారమ్మ. సన్నగా, ఎండిన కందిమోడులా ఉంది. నా విస్తట్లో వేసి, వాడి విస్తట్లో వేసి, మా ఇద్దర్నీ చూసి ఊరికే నవ్వింది. తన కొడుకు అయ్యగారి పక్కన కూర్చుని తింటున్నాడని నవ్వింది. నేను కూడా నవ్వాను. భోజనాలయ్యాక లేచి ఆ వాక్యం చెప్పాను. ఆ రోజు బాగా చెప్పాను. ఈ యుద్ధానికి మనిషినివ్వడం తప్పు. సారమ్మ స్తంభానికి ఆనుకుని వింటూ కళ్ళు తుడుచుకుంది. కానిస్టేబులు రాసుకుని, తర్వాత ఊళ్ళో బస చూసుకోవడానికి ముందే వెళ్ళిపోయాడు.

ఊరి బయట వదిలేసిన రాతిగుంట ఒకటుంది. అందులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ సాయంత్రం పొద్దు ఉండగానే కాళ్ళు నానబెట్టుకుందామని పోయి కూర్చున్నాను. ఏసోబు వచ్చాడు. కాసేపు దూరంగా నిలబడ్డాడు. తర్వాత దిగొచ్చి, నా బొబ్బలు చూసి, "ఉప్పునీళ్ళు పోస్తే తగ్గిద్దయ్యా" అన్నాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. వాడి మాటలు నేను ఒక్కటీ మరిచిపోలేదు. మరిచిపోవాలని చానా చూశాను.

"అయ్యా, మీరు చెప్పింది ఇంక పోబోయేవోళ్ళకేనా, మా బోటి పోయినోళ్ళకి గూడానా?"

"ఎందుకురా?"

"మా యమ్మ పోవొద్దంటంది. పెద్దాయన చాప మీద చెప్పాడు గదా, ఇంక పోయేదేంది అంటంది. నాకేం తోచట్లా. పోకపోతే పోలీసులొచ్చి పట్టకపోతారు. దానికి బయం లేదయ్యా. మీరు వొద్దంటే పోను. రేపట్నుంచి మీ ఎనకాలే నడుస్తా. మీరు చెప్పే మాటే నేనూ చెప్తా. ఈ గుడ్డలు ఇడిచి మంట్లో ఏస్తా. జైలంటే జైలే. ఒక్క మాట చెప్పండి, చాలు."

నేను కాళ్ళు నీళ్ళలోంచి తీసి రాయి మీద పెట్టుకున్నాను.

"ఒప్పుకుని చేరావు" అన్నాను. "జీతం తీసుకున్నావు. మధ్యలో మానేస్తే మాట తప్పినట్టవుతుంది. వెళ్ళు. క్షేమంగా వస్తావులే."

వాడు నన్ను చూశాడు. కోపంగా కాదు. తెలియని లెక్క పంతులు చెబితే పిల్లలు చూస్తారే, ఆ చూపు. అర్థం కాలేదు గాని, పంతులు చెప్పాడు కాబట్టి సరే అనుకునే చూపు.

"సరేనయ్యా. మీరు చెప్పినాక ఇంకేముంది. మా యమ్మకి మాత్రం మీరే చెప్పండి. నేను చెప్తే ఏడుస్తది, ఇనదు. మీరు పొమ్మన్నారంటే ఇంటది."

"చెబుతాలే" అన్నాను.

వాడు నా కాళ్ళు తుడిచి, చెప్పులు తెచ్చి ముందు పెట్టి వెళ్ళాడు.

ఎందుకలా అన్నాను? ఎన్నోసార్లు అడుక్కున్నాను. ప్లీడరుగారు పెట్టిన నియమం ఉంది కదా, దాని ప్రకారమే చేశానని చెప్పుకున్నాను. ఆ నియమం నిజమే. దాని వెనక మంచి కారణాలూ ఉన్నాయి. కానీ గుంట దగ్గర కూర్చున్నప్పుడు నాకు నియమం గుర్తుకు రాలేదు. గుర్తొచ్చింది ఏమిటంటే, వీణ్ణి రేపు పట్టుకుని ఎవరు పోవద్దన్నారని అడిగితే వీడు అబద్ధమాడడు, నా పేరు చెబుతాడు, అప్పుడు నాది పూలదండల జైలు కాదు. మంచం, పత్రిక, ఇంటి నుంచి ఊరగాయ జాడీ ఉండే జైలు కాదు. సైనికుణ్ణి చెడగొట్టిన కేసు. భూములు జప్తు అవుతాయేమో. ఏళ్ళ తరబడి ఉంచుతారేమో. అదీ నాకు తోచింది. శ్రీరంగనీతుల సామెత ఒకటుంది కదా, దాని రెండో సగం మర్యాదగా ఉండదని రాయను గాని, అది నాకోసమే పుట్టింది.

ఒక్క మనిషినీ ఇవ్వొద్దని ఊరూరా చెబుతూ తిరిగినవాణ్ణి. నిజంగా ఒక్క మనిషి వచ్చి నన్నడిగాడు. అడిగిన ఆ ఒక్కణ్ణీ నేనే ఇచ్చాను.

ఇంతవరకే అయితే భయం అని సరిపెట్టుకునేవాణ్ణేమో. భయపడని మనిషెవడు? తర్వాత చేసింది భయం కూడా కాదు.

మర్నాడు తెల్లారగానే సారమ్మ మిరపకాయ కోతకు పోయింది. ఏసోబు ఆమెకేమీ చెప్పలేదు, నేను చెబుతానన్నాను కాబట్టి. మూట భుజాన వేసుకుని స్టేషనుకు నడిచిపోయాడు. నేను ఆమెను పిలిపించి చెప్పాలి. చెబుతాను, కాస్త ఆగి చెబుతాను అనుకుంటూ చద్దన్నం తిన్నాను. ఊరు సాగనంపడానికి చేరింది. మేళం కూడా తెచ్చారు. నా మెడలో దండలు. అప్పుడు చేల వైపు నుంచి సారమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. బండెక్కుతుంటే ఎవరో చూసి చెప్పారట. కొంగులో కోసిన మిరపకాయలు అట్లాగే ఉన్నాయి, పరుగులో దారంతా రాలుతున్నాయి.

"మావోడు పోయాడయ్యా! మీకాడికొచ్చాడంట గదా సాయంత్రం. మీరు వొద్దని చెప్పలేదా అయ్యా?"

అందరూ నా వైపు చూశారు. నేనేం చేశానో తెలుసా? ముందు చుట్టూ చూశాను. కానిస్టేబులు లేడు, నిన్ననే ముందు ఊరికి పోయాడు. అది ఖాయం చేసుకున్నాకే నోరు విప్పాను.

"చెప్పానమ్మా. వద్దన్నాను. వాడే వినలేదు."

ఆ మాట అంటే జైలవుతుందని భయపడి నిజంగా వద్దనలేదు కదా. జైలు భయం లేని చోట, అన్నానని చెప్పి పేరు తెచ్చుకున్నాను. నిజం చెబితే ఏమయ్యేది? మేళం ఆగిపోయేది. దండలు మెడలో బరువయ్యేవి. రేపు ఏ చాప మీదా నా మాట ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, ఉద్యమానికి నష్టం. అవును, ఉద్యమానికి నష్టం అని కూడా అనుకున్నాను ఆ క్షణంలో. మనసు ఎంత త్వరగా పని చేస్తుందో!

సారమ్మ కొంగు చేతిలోంచి వదిలేసింది. "మీ పక్కన కూకొని తిని, మీ మాటే కాదన్నాడా?" అంది. చాప మీద చెప్పిన మాట ఆమెకు ఒట్టుతో సమానం. దాన్ని కొడుకు తొక్కి పోయాడని, అందరి ముందూ తల వంచుకుంది. సిగ్గుపడాల్సినవాణ్ణి నేను అక్కడే దండలతో నిలబడి ఉన్నాను. ఊరివాళ్ళు తలొక మాట అన్నారు. బూట్లకు అలవాటు పడ్డాడన్నారు. జీతం రుచి తగిలిందన్నారు. నేను వాళ్ళను వారించలేదు. పైగా, "పోనీలెండి, కుర్రతనం" అన్నాను.

మాచర్ల దగ్గర ఎట్టకేలకు నన్ను పట్టుకున్నారు. జైల్లో చాలా మంది మెంబర్లం కలిశాం. పగలు రాట్నం వడికేవాళ్ళం, సాయంత్రం యుద్ధం గురించి వాదించుకునేవాళ్ళం. ఒకరోజు ప్లీడరుగారు ఎవరో సైనికుడు నిన్ను కలిశాడటగా అని అడిగారు. ఊరినుంచి ఎవరో చెప్పి ఉంటారు. నియమం ప్రకారమే మాట్లాడాను అన్నాను. "మంచి పని చేశావు" అన్నారాయన. అది కూడా విన్నాను.

ఆ ఏడాది చివర్లో వదిలేశారు. స్టేషనులో జనం. ఆ జనంలో సారమ్మ, బంతిపూల దండ పట్టుకుని. కూలి మానుకుని, అంత దూరం బండెక్కి వచ్చింది. దండ వేసింది. నేను ఏసోబు సంగతి అడగబోతే తనే చెప్పింది. వాడి దగ్గర్నుంచి కార్డులు వస్తున్నాయట. వాడికి చదువు రాదు, అక్కడ ఎవరో రాసిపెడతారు. ఇక్కడ మిషను బడి పంతులు చదివి వినిపిస్తాడు. ఆమె మాత్రం ఒక్కదానికీ జవాబు రాయించలేదు.

"ఏం రాయాలయ్యా? పెద్దాయన మాట ఇననోడు నా మాట ఇంటాడా? చూడండి వాడి పొగరు. ప్రతి కార్డులో అదే రాయిస్తండు. అమ్మా, అయ్యగారు నీకు చెప్పారా, నీ కోపం పోయిందా అని. మీరు వొద్దన్న సంగతి నాకు చెప్పారా అని నన్నే అడుగుతండు, చూశారా?"

అప్పుడు ఏసోబు బతికే ఉన్నాడు. ఇది మీరు గమనించాలి. సముద్రం అవతల మలయాలో ఎక్కడో వంతెన వేస్తూనో, గుంట తవ్వుతూనో ఉన్నాడు. అయ్యగారు అమ్మకు చెప్పలేదేమో, లేక చెప్పినా అమ్మ కరగలేదేమో అని అనుకుంటూ ఉన్నాడు. నేను ఆ స్టేషనులో ఒక్కమాట చెబితే చాలు. సారమ్మా, వాడు అడిగాడు, పొమ్మన్నది నేను. ఆమె నన్ను తిట్టేది. ఉమ్మేసేదేమో. ఊరికి పోయి పంతుల్ని కూర్చోబెట్టి కొడుక్కి కార్డు రాయించేది. అది వాడికి చేరేది. చేరేదా? చేరి ఉండేదనే అనుకుంటాను. చేరకపోవచ్చని అనుకుంటే నాకు సుఖంగా ఉంటుంది, అందుకే అలా అనుకోను.

జనం నినాదాలు ఇస్తున్నారు. వెనకనుంచి నెడుతున్నారు. "తర్వాత మాట్లాడదాం సారమ్మా" అన్నాను. ఆమె వేసిన దండ తీసి చేతిలో పెట్టుకుని కారెక్కాను.

తర్వాత లేదు. జపాను వాళ్ళు దిగారు. మలయా పోయింది, సింగపూరు పోయింది. కార్డులు ఆగిపోయాయి. చాలాకాలం ఏమీ తెలియలేదు. యుద్ధమయ్యాక కబురొచ్చింది, చనిపోయాడని. ఎక్కడో, ఎలాగో చెప్పలేదు. పంతులు చదివి వినిపిస్తే ఆమె ఏడవలేదట. పొయ్యి మీద కూడు దించి, మళ్ళీ పొయ్యి ముందే కూర్చుందట.

కొన్నాళ్ళకు మా ఇంటికొచ్చింది. నేను వసారాలో కూర్చుని ఉన్నాను. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్ల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"అయ్యా, చచ్చినోడి మీద కోపం పెట్టుకోగూడదంటారు. మావోడు మీ మాట కాదన్నాడు. చాప మీద తిని కాదన్నాడు. అందుకే వాడికట్టా అయిందేమో అని నాకు నిద్ర పట్టదు. వాడి తరపున నేనడుగుతన్నా. వాణ్ణి చమించానని ఒక్క మాట అనండయ్యా. మీరంటే వాడికి శాంతి."

మీరు నా ఎదురుగా ఉంటే ఇక్కడ నా మొహం చూసి ఉండేవారు. నేను ఎవరి మొహమూ చూడకుండా ఇది రాస్తున్నాను.

"క్షమించాను సారమ్మా" అన్నాను.

నేను. వాణ్ణి. క్షమించాను.

ఆమె నా పాదాల దగ్గర నేల తాకి కళ్ళకద్దుకుంది. మా ఆవిడ లోపల్నుంచి గిద్దెడు బియ్యం తెచ్చి కొంగులో పోసింది. ఆమె మెట్లు దిగుతుంటే పిలవాలనుకున్నాను. లేచి లోపలికి పోయాను. ఆ రాత్రి కూడు ముందు కూర్చుని ఏడ్చాను. ఏసోబు కోసం ఏడుస్తున్నానని మా ఆవిడ అనుకుంది. ఎంత మంచి మనసండీ మీది అంది.

ఆ తర్వాత సారమ్మ ఎప్పుడు కనబడ్డా కొంచెం తేలిగ్గా ఉన్నట్టు కనిపించేది. కొడుకు పేరు ఎత్తేది. చిన్నప్పుడు నాపరాళ్ళ మీద ఎట్లా జారేవాడో చెప్పేది. నా అబద్ధం ఆమె కోపాన్ని పుట్టించింది, నా రెండో అబద్ధం దాన్ని తీసేసింది. ఒకప్పుడు దాన్ని కూడా మేలే అనుకుని ఊరట పడటానికి చూశాను. కుదరలేదు. ఆమెకు తేలికైంది నిజమే. కానీ ఆమె మనసులో ఏసోబు తప్పు చేసినవాడుగానే మిగిలిపోయాడు. క్షమించబడ్డ దోషి. వాడు ఏ తప్పూ చేయలేదని తెలియకుండానే కన్నతల్లి వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో ఇవాళ్టికీ వాణ్ణి తలుచుకుంటే, అయ్యగారు వద్దన్నా వినకుండా పోయాడనే అంటారు.

సారమ్మ సమాధి దగ్గర పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. సారమ్మ కష్టజీవి అన్నాను, దేశం కోసం కొడుకును పోగొట్టుకున్న తల్లి అన్నాను. అందరూ తలలూపారు. దేశం కోసమా? ఏ దేశం కోసం? మేం మెంబర్లం అందరం కలిసి ఈ యుద్ధం మనది కాదని కదా ఊరూరా చెప్పింది. మట్టి వేసేటప్పుడు నా వంతు మట్టి చేతిలో చాలాసేపు ఉండిపోయింది. వెనకవాళ్ళు ఆగి ఉన్నారని గుర్తొచ్చి వేశాను.

ఇది రాయడం ఇంత తేలికని ముందే తెలిస్తే ఆమె ఉండగానే చెప్పేవాణ్ణి అని రాయబోయాను. అది కూడా అబద్ధమే. చెప్పేవాణ్ణి కాదు. నా సంగతి నాకు తెలుసు. మీరు నన్ను ఏమనుకుంటారో అనుకోండి, నేను కాదనను, క్షమించమనీ అడగను. ఆ మాట అడిగే మొహం నాకు లేదు. ఒక్కసారి ఉన్నది ఉన్నట్టుగా ఎక్కడో ఒకచోట ఉండాలి, అంతే. ఊపిరి మునుపటికన్నా కొంచెం లోతుకు దిగుతోంది.

ఏసోబు మొండివాడు కాదు. జీతానికి ఆశపడి పోలేదు. చాప మీద మాట తొక్కి పోలేదు. పోవాలా వద్దా అని నన్నడిగాడు. నేను పొమ్మన్నాను. వాడు నా మాట విన్నాడు.